ఎనిమిది వందలు బై ఆరు వందలు

రాత్రి మిషను తనంతట తానే కొత్తదైంది.
పొద్దున్నొచ్చి మీట నొక్కితే
ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది,
తెర మాత్రం
కడిగి బోర్లించిన మూకుడు.

మూడోసారికి కళ్ళు తెరిచింది గానీ చూపు ఆనలేదు.
ఎనిమిది వందలు బై ఆరు వందలు.
అన్నీ దోసెల్లా అడ్డంగా పరుచుకున్నాయి.
మధ్యలో, నిన్న నేను సగంలో ఆపిన ఫ్లెక్సులో,
పేడాడ దండాసి గారు,
రెండు చెవులూ చెరో ఊరికి బయల్దేరినట్టు.

వాళ్ళబ్బాయి డిల్లేసు మధ్యాన్నానికి కావాలన్నాడు.
ఆరు బై నాలుగు. పైన ఒడియా, కింద తెలుగు.
ఇంట్లో మాది తెలుగే, బళ్ళో ఒడియా.
తెలుగు అక్షరాలు నేను ఈ గుణుపురం కొట్లోనే
ఫ్లెక్సులు కొడుతూ నేర్చుకున్నాను.
అందుకే నాకు
అమ్మ కన్నా ముందు వర్ధంతి రాయడం వచ్చింది,
ధ కింద వత్తుతో సహా.

డివైస్ మేనేజర్ తెరిస్తే
డిస్‌ప్లే పక్కన పసుపు త్రికోణం,
గేటు లేని లెవెల్ క్రాసింగు ముందు పాతిన బోర్డులాగ.
కింద ఒక ముక్క:
డ్రైవర్ స్పందించడం మానేసింది.

దండాసి గారు చిన్నరైలు డ్రైవరు.
నవ్వొచ్చింది, మింగేశాను.
బెంచీ మీద ఆయన భార్య గున్నమ్మ ఉంది,
ఫొటో విషయంలో కొడుకుని నమ్మక తనే వచ్చింది.

సేఫ్ మోడ్‌లోకి దిగాను.
నాలుగు మూలలా ఆ మాటే రాసుంటుంది,
గుమ్మాలకి 'రేపు రా' అని రాసినట్టు.
రోల్ బ్యాక్ మీట నెరిసిపోయింది, నొక్కితే దిగదు.
బరంపురం నుంచి ఫోన్లో ఓనరు పాఢీబాబు:
తీసేసి మళ్ళీ పెట్టు.
తీసేశాను. మళ్ళీ పెట్టాను. మళ్ళీ మూకుడు.

"ఏటైనాదమ్మా?"
లోపల ఉన్నది పాత కార్డు,
రాత్రి వచ్చిన కొత్త సాఫ్ట్‌వేరు దాన్ని గుర్తుపట్టడం లేదు.
ఎలా చెప్పను?
పెద్ద పట్టాలు వేసినప్పుడు గుర్తుందా అన్నాను.
"గుర్తులేకేటి. ఏడేళ్ళు రైలే లేదు.
ఆ చిన్నింజిను పెద్ద పట్టాల మీద నిలబడదు గదా.
ఈయన రోజూ టేసనుకెళ్ళి
ఉత్తినే కూకుని వచ్చీవోరు."

సొరుగు అడుగున, పిన్నుల డబ్బా కింద, ఒక సీడీ.
నా ముందు ఇక్కడ చేసిన సుబల్ చేతిరాత, ఒడియాలో:
ఇది మంచిది. పారేయకు.
ఇరుక్కుపోయిన ట్రేని గుండుసూదితో పొడిచి తెరిచాను.
ఎప్పటి డ్రైవరో. తేదీ చూస్తే
అప్పటికి నాకు ఓటు కూడా లేదు.

పదకొండు నలభైకి
తెర ఒకసారి ఆరి, పూర్తి వెడల్పుతో వెలిగింది.
చెవులు తిరిగొచ్చాయి.
బుగ్గలు లోపలికి పోయి
దండాసి గారు ఆఖరి ఏడాది ముఖంలోకి వచ్చేశారు.

గున్నమ్మ లేచి దగ్గరికొచ్చింది.
"ఇందాకటి ముకం ఏదమ్మా?"
అది తప్పమ్మా, డ్రైవరు లేక సాగిపోయింది.
"తప్పు గాదు. పెళ్ళినాటికి అలాగే ఉండీవోరు,
బొద్దుగా."

ఫ్లెక్సు మధ్యాన్నానికే ఇచ్చేశాను,
తూట్లు కొట్టి, తాడుతో.
మూలన చిన్న కిటికీ తేలింది:
మరో అప్‌డేట్ సిద్ధంగా ఉంది.
తర్వాత, అని నొక్కాను.

సాయంత్రం పాసింజరు కూత వేసి వెళ్ళాక
ఆయన బొమ్మ మళ్ళీ తెరిచి
అంచు పట్టుకుని అడ్డంగా లాగాను,
కొంచెం, ఇంకొంచెం.
ఎంత లాగితే పెళ్ళినాటికి చేరతారో తెలియలేదు.
మూడు రకాలుగా లాగి
మూడు ఫైళ్ళుగా దాచాను.
రేపొచ్చి ఆవిడే చెబుతుంది.