నడుమ ఒక రేణువు

అబ్బాసియాలో ఇవాళ పొద్దు కనబడలేదు.
కిటికీ అవతల ఆకాశం
మజ్జిగ పులుసులా చిక్కగా, పచ్చగా.
బళ్ళకు సెలవిచ్చేశారు.
తలుపు సందుల్లో తడిగుడ్డలు కుక్కి
మూడో అంతస్తులో నా ట్యూషన్ మాత్రం నడుస్తోంది.
పాఠం: మంచుపువ్వు.

నాకే నవ్వొచ్చింది.
బయట నలభై నాలుగు డిగ్రీలు,
పుస్తకంలో తెల్లటి కొండ.
వీళ్ళెవరూ మంచు చూడలేదు.
నేను మాత్రం చూశానా,
రాయచోటిలో బస్సెక్కి విమానం దిగింది ఇక్కడే.

"మా నాయన చూసినాడు" అంది నౌషీన్.
షువైఖ్‌లో చేపల గోడౌను, సున్నాకి కింద ఇరవై.
కనుబొమ్మల మీద పూస్తుందంట,
ఇంటికి తెద్దామనే అనుకుంటాడంట,
బస్సెక్కేలోపే నీళ్ళయిపోతుందంట.

సరే, లేవండి అన్నాను.
మీరంతా నీళ్ళు. ఇప్పుడు చలేస్తోంది.
అందరూ ఒకరి మీదొకరు ముడుచుకుపోయారు.
కాదు కాదు, అది మనుషుల చలి.
నీళ్ళకి చలేస్తే
ఎడంగా జరిగి చేతులు పట్టుకుంటాయి,
ఆరేసి, ఆరేసి, గుండ్రంగా.
అందుకే పువ్వుకి ఆరు రెక్కలు.
దుమ్ముకి భయపడి వచ్చింది ఐదుగురే;
ఆరో నీటిబొట్టు నేనయ్యాను.

"మరి నడుమ ఎవరు టీచర్?"
జోయెల్‌కి ఖాళీ కనబడితే ఊరుకోడు.
నిజమే, చెప్పడం మరిచాను.
మబ్బులో నీటికి ఊరికే గడ్డకట్టడం అంత తేలిక కాదురా,
ముందు పట్టుకోడానికేదో కావాలి,
కంటికి ఆననంత
దుమ్ము.

ఐదు తలలూ కిటికీ వైపు తిరిగాయి.
పొద్దున్నించీ నేను తిట్టుకుంటూ తుడిచిందే.
చేతన వెళ్ళి గట్టు మీద వేలు రాసుకొచ్చింది.
"ఇదా?"
కావచ్చు అన్నాను. గాలి మోసుకుపోతే,
ఎక్కడో చలిదేశం మబ్బులో చిక్కితే,
కావచ్చు.
ఆ వేలు వలయం నడుమ పెట్టి నిలబడింది,
ఎవరూ దగ్గలేదు, తుమ్మలేదు,
ఏసీ ఒక్కటే గురగుర.

వెళ్ళేటప్పుడు చూశాను:
నౌషీన్ నోటుబుక్కులో కాగితం చింపి
చిటికెడు దుమ్ము పొట్లం కడుతోంది.
ఎందుకే అంటే,
"నాయన జేబులో ఏస్తా.
పువ్వు చేసుకొస్తాడు."

గోడౌనులో మబ్బులుండవని చెప్పాలి.
రేపు చెబుతాను.
పొట్లం విప్పిపోకుండా
రబ్బరు బ్యాండు వేసిచ్చాను.