రిమార్కుల గడి

తార్నాకలో మూడో డెమో.
తెర మీద గ్రాంటులన్నీ పచ్చగా,
గడువు దాటినవి మాత్రం ఎర్రగా.
కుర్రాడు చకచకా నొక్కుతున్నాడు:
రెండో వాయిదా, వినియోగపత్రం, ఆడిట్.
ఇరానీ చాయ్ మీద మీగడ కట్టింది.

ఖమరున్నీసా గారు
అట్ట ఊడిన లెడ్జరు తెరిచి
ఒక పెన్సిల్ రాత మీద వేలు పెట్టారు:
"అనంతగిరిలో వాన రాలేదు.
కప్పలింకా అరవలేదట.
మూడు నెలలు ఆగుదాం."

"ఇది ఎక్కడ రాయాలి బాబూ?"

"రిమార్క్స్ ఉంది మేడమ్.
రెండొందల యాభై అక్షరాలు."

ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టడం మొదలెట్టారు.
కప్పల దగ్గర ఆగి,
పకారం కింద ఒత్తును కూడా
లెక్కేస్తుందా అని అడిగారు.

ధరల పట్టిక
నా చేతిలోనే ఉండిపోయింది.
బయట మెట్రో వెళ్లింది,
టైముకే.