చదివిపెట్టేవారు

గుంటూరు ఎండకి రంగుంటుంది, మిర్చియార్డు రంగు.
సంగడిగుంట సందులో, రేకుల కప్పు కింద
ఆమె లైబ్రరీకి ఘాటుండేది.

పరిశపోగు ఎలీశమ్మ గారు.
నీలి అంచు తెల్లచీర, బొడ్లో తాళాల గుత్తి,
చూపుడువేలికి ఎప్పుడూ ఊదారంగు సిరా.
బీరువాలు నాలుగు. ఒకదానికి తలుపు లేదు.
"అదే మంచిది, తెరిచే పని తప్పింది" అనేది.

లైబ్రరీ పగలు తెరవాలని రూలు.
పగలు వీళ్ళ వీపుల మీద బస్తాలుంటాయి కదా,
అందుకని రాత్రి తెరిచేది.
యార్డు దిగిన హమాలీలు
గోనెపట్టా దులుపుకుని, చేతులు మూడుసార్లు కడుక్కుని,
అయినా వదలని మంటతో
గడపలోనే నిలబడేవాళ్ళు.
"గాలికి అడ్డం. లోపలికి రండి" అనేది, తలెత్తకుండా.

మా నాన్న కార్డు మీద సంతకం లేదు,
ఎర్రటి వేలిముద్ర.
తనిఖీకొచ్చిన ఆఫీసరు నవ్వాడు:
"వేలిముద్రగాడికి పుస్తకం దేనికమ్మా, దిండు కిందకా?"
ఆమె ఏమీ అనలేదు.
స్కేలు తీసి రిజిస్టర్లో నిలువుగా ఓ గీత గీసింది.
కొత్త గడి. పైన రాసింది: చదివిపెట్టేవారు.
అందులో మొదటి పేరు నాది.
నేనప్పుడు మూడో తరగతి,
ఒత్తుల దగ్గర తడబడేదాన్ని.

రాత్రిళ్ళు నాన్న వెల్లకిలా పడుకుని ఊఁ కొట్టేవాడు.
ఊఁ ఆగిందని రెండు పేజీలు కలిపి తిప్పేస్తే
"ఒకటి దాటేశావు" అనేవాడు కళ్ళు మూసుకునే.
పొగాకు కంపెనీలో ఆకు ఏరే మార్తమ్మ పిన్ని
కథలో పెళ్ళాన్ని కొట్టినవాణ్ణి తిట్టేది.
ఆ తిట్టు గోడ దాటి వాళ్ళాయనకి తగిలేది.
రెండేళ్ళకి కంపెనీవాళ్ళు ఏదో కాగితం తెచ్చి
వేలిముద్ర వెయ్యమంటే
"ముందు చదివిపెట్టండి" అందట పిన్ని.
వెనక నూట ఎనభై మంది ఆడవాళ్ళు
చేతులు కొంగులో దాచుకున్నారట.

పుస్తకాలు తిరిగొచ్చేవి. కొన్ని రాలేదు.
ఆడిట్లో నలభై మూడు తేలాయి.
"పోయినవి" అని రాయమన్నారు.
"తిరుగుతున్నవి" అని రాసింది.
ఆ ఒక్క మాటకి పదకొండు నెలలు జీతంలో కోత.
మైలుతుత్తం కలిపిన మైదా జిగురుతో
మిగిలినవాటి వెన్నులు అతికిస్తూనే ఉంది.

ఆమె ఫొటో నా దగ్గర లేదు. ఎవరి దగ్గరా ఉన్నట్టు లేదు.

నలభై మూడులో ఒకటి మాత్రం
నాన్న పోయినరోజు పక్క తీస్తుంటే దొరికింది.
దిండు కిందే,
ఆ ఆఫీసరు అన్నట్టే.

మొన్న తీసుకెళ్ళి ఇచ్చాను.
కౌంటర్లో కుర్రాడు కంప్యూటరంతా వెతికి
"ఈ నంబరు లేదు మేడమ్" అన్నాడు.
గడువు చీటీ చూద్దామని అట్ట తెరిచాడు.
తుమ్మాడు.
మళ్ళీ తుమ్మాడు.
కళ్ళు తుడుచుకుంటూ
మొదటి పేజీ చదవడం మొదలెట్టాడు, పెదాలు కదుపుతూ,
పైకి వినపడీ వినపడకుండా.

ఊఁ, అన్నాను నేను.