పంటు దిగని నిద్ర

ముప్పై రోజుల సెలవు.
మస్కట్‌లో ఆసుపత్రి క్యాలెండరు చింపి
దాని వెనకాల నీలం పెన్నుతో గీతలు గీసి పంచాను:
నరసాపురంలో మా వాళ్ళకి పదమూడు,
సఖినేటిపల్లి అవతల ఆయన వాళ్ళకి పదమూడు,
టీకాకొకటి,
పాస్‌పోర్టులో తప్పుపడ్డ ఇంటిపేరుకి రెండు.
మిగిలిందొకటి. ‘ఊరికే’ అని రాసి
మళ్ళీ కొట్టేశాను.

ఆషాఢంలో టిక్కెట్టు చవక.
డైపర్లెన్ని, పాలడబ్బాలెన్ని,
జ్వరం మందు చేతిసంచిలోనా పెట్టెలోనా,
నెల్లాళ్ళపాటు ఇంట్లో ఇవే మాటలు.
షారోనుకి పదకొండో నెల.
దాన్నెవరూ ఏమీ అడగలేదు.

మొదటి రాత్రి అది పడుకోలేదు.
రెండో రాత్రీ అంతే.
పాస్టరు గారొచ్చి ప్రార్థన చేశారు,
ఆయన గేటు దాటాక పిన్ని ఉప్పు తిప్పి దిష్టి తీసింది.
రెండిట్లో ఏదీ అందలేదు దానికి.
పుట్టిన దగ్గర్నుంచీ ఏసీ హోరులో పెరిగిన పిల్ల,
ఇక్కడ కరెంటు పోగానే లేచి కూర్చుని
పక్కనున్న మనిషెవరో చెప్పకుండా వెళ్ళిపోయినట్టు
చీకట్లోకి వెతుక్కునేది.

ఐదో రోజు రేవు దాటుతున్నాం.
పంటు మీద ఏడు మోటారు సైకిళ్ళు, రెండు మేకలు,
కొబ్బరిపీచు మూటలు, ఎవరిదో పెళ్ళి బీరువా.
ఇంజను దడదడమంది.
కాళ్ళకింద ఇనప రేకు వణికింది.
వశిష్ఠ మధ్యకొచ్చేసరికి
నా జాకెట్టు మీద వెచ్చగా చొంగ.

అవతలి ఒడ్డున అత్తగారు పచ్చ గొడుగుతో నిలబడి ఉన్నారు.
దానియేలు చెంప కింద చెయ్యి పెట్టి చూపించాడు,
పడుకుందని.
మేం దిగలేదు.
పంటు మళ్ళీ నరసాపురం కేసి తిరిగింది.
మళ్ళీ వచ్చేసరికి అత్తగారే ఎక్కేశారు,
గొడుగు మడిచి, లారీ టైరు మీద కూర్చుని
మనవరాలి అరికాలు జానతో కొలిచి
‘మా నాన్న పాదవే ఇది, ఆయ్’ అన్నారు ఎవరితోనో.
నాలుగోసారి టిక్కెట్టు కుర్రాడు చెయ్యి చాపలేదు.
‘ఉయ్యాలకి చార్జీ ఏంటండీ.’

ఇంక రోజూ అదే.
ఏటి మధ్యలో గడిచిన మధ్యాహ్నాలు
ఎవరి పదమూడులో రాయాలో తెలియక
పెన్ను పక్కన పెట్టేశాను.

పన్నెండో నాడు ఎర్రనీరు పొంగింది.
పంటుని గొలుసులేసి కట్టేశారు.
చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వచ్చెయ్యమని పిన్ని ఫోను.
కారుకి ఇంజనుంది కానీ అది మెత్తటి ఇంజను.
ఆ రాత్రి దానియేలు
స్క్రూడ్రైవరు పట్టుకుని అత్తగారి పాత టేబులు ఫ్యాను ముందు కూర్చున్నాడు.
అక్కడ ఏసీ చప్పుడు చేస్తోందని ఫోనొస్తే
అర్ధరాత్రయినా వెళ్ళి చప్పుడు తీసి వచ్చే మనిషి,
మూడు మరలు వదులు చేశాడు,
జాలీలోకి కొబ్బరీనె దోపాడు.
గడగడగడ.
ఇల్లంతా పంటయింది.
షారోను పడుకుంది.

మరి నేను?
మూడేళ్ళుగా నాకు కావలసింది
వాన వెలిసిన రాత్రి చేలల్లో కప్పల గోల.
ఎవరికి చెప్పినా నవ్వుతారని
కాగితం మీద కొట్టేసింది ఆ రోజునే.
ఇప్పుడు బయట కప్పలున్నాయి, లోపల ఫ్యానుంది.
తలుపు ఓరగా వేసి అరుగు మీద కూర్చున్నాను.
దోమలు కుట్టాయి.
ఒక చెవితో ఇది, ఒక చెవితో అది.
ఎప్పుడు ఒరిగానో.

తెల్లారి అత్తగారి కేక.
వెళ్ళి చూద్దును కదా, పిల్ల పెదాలు నీలం, నాలుక నీలం.
ఎనిమిదేళ్ళ నర్సుని, నేనూ కెవ్వున అరిచాను.
అది గుప్పిట విప్పి
నమిలిన క్యాలెండరు ముద్ద
నా చేతిలో పెట్టింది.