తూకం గుండు

మా నాన్న ఎనోస్ ట్రెగియర్ తాపీ మేస్త్రీ.
తాపీ పట్టిన చేయి కదా, మాటా తాపీయే.
మూంటా రాగి గనుల పొగగొట్టాల్లో
నీ ఇటుకలెన్ని నాన్నా అంటే
"కూలి ముట్టినవాటికే లెక్కుంది" అనేవాడు.

సమ్మె ఏడాది
ఇసుక బండెక్కించి మాట్లాడమన్నారు.
మూడు ముక్కలు. మూడోది మధ్యలో మర్చిపోయాడట.
అయినా ఓట్లేశారు.
అడిలైడ్ శాసనసభలో తొలిరోజు
ప్రమాణం చేస్తూ ఆయన చూసింది
స్పీకర్ వెనక గోడని:
అరంగుళం పొట్ట ఉబ్బింది.
ఇంటికొచ్చి అమ్మకి చెప్పిన రాజకీయం అదొక్కటే.

తర్వాత యుద్ధం.
కుర్రాళ్ళని బలవంతంగా పట్టుకుపోవచ్చా అని
దేశమంతా ఓటు పెట్టినప్పుడు
ఊరూరా తిరిగి వద్దన్నాడు.
ఎవరో కవరులో తెల్ల ఈక పంపారు, పిరికివాడని.
అమ్మ దాంతో కుట్టుమిషనుకి నూనె రాసుకుంది.
"వద్దు" గెలిచింది.
పై నెల ఆయనే వెళ్ళి చేరాడు,
నలభై ఏడుకి మూడేళ్ళు కోసేసి.

రెండు నాలుకలా అని పత్రిక అడిగింది.
"ఇంకొకడి బిడ్డని తొయ్యనన్నాను.
నేను పోనని ఎప్పుడన్నాను?"
రైలు మెట్టు మీద నిలబడి చేసిన ఆ ప్రసంగమే పెద్దది.
సగం ఆవిరి మింగేసింది.

ఉత్తరాల్లో శత్రువు లేడు.
"ఇక్కడి ఇటుక మనదానికంటే సన్నం, లవ్‌డే.
సున్నం మాత్రం మేలురకం.
ఊరంతా నేలమట్టమైనా ఒక పొయ్యిగోడ మిగిలింది.
కట్టినవాడి చేయి చూడాలనుంది."

తూకం గుండు జేబులోనే ఉండేదట.
ఇసుక బస్తాల గోడకీ వేలాడదీస్తే
పక్కవాళ్ళు పొట్టచెక్కలయ్యేలా నవ్వారట.
ఆ గుండు దారం చివర తిన్నగా నిలిచింది.
ఇంకో గుండు తిన్నగా వచ్చింది,
కుడి భుజంలోకి.

తిరిగొచ్చాక చేయి రొమ్ము దాటి లేవలేదు.
నూట పదకొండు ఓట్లకి సీటూ పోయింది.
ఆయన ఎక్కువ బాధపడింది దేనికో
నాకు తెలుసు.

ఊళ్ళో స్తూపం కట్టారు.
ఆవిష్కరణకి ముందు వరసలో కుర్చీ వేస్తామన్నారు.
ఆ ముందు రాత్రే
లాంతరు తెమ్మని నన్ను లేపాడు.
నాకు పధ్నాలుగు. నిచ్చెనెక్కి దారం కొస పట్టుకున్నాను.
గుండు ఊగింది పేర్ల మీదుగా,
ఊగి ఊగి
పాస్కో నాన్స్ దగ్గర ఆగింది.
మా ఇంట్లో అన్నం తింటూ పని నేర్చుకున్నవాడు,
ఇటుక తడపడం ఎప్పుడూ మర్చిపోయేవాడు.

"బాగానే కట్టారు" అన్నాడు నాన్న.
దారం చుట్టమని మాత్రం అనలేదు.

చలేస్తోంది నాన్నా, అన్నాను
చాలాసేపటికి.