పదిహేను దినాల గడువు

గ్రూప్-టూ గైడు మూసి పక్కకు పెట్టు తమ్మీ,
గంటసేపట్ల రాజ్యాంగం యాడికీ పోదు.
దేవరకొండ బస్టాండు మోత సుత
రెండు దాటితె జరంత తగ్గుతది.
మంచి పుస్తకం చెప్పుమంటివి,
కథలొద్దు, ఉన్నదున్నట్టు రాసినయే కావాలంటివి.
రా. ఎడమదిక్కు బీరువ.
తలుపు కొంచెం పైకి లేపి గుంజాలె.

ఈ నీలి అట్టది ఉప్పు గురించి.
రాజులు దానికోసం కొట్టుకున్న ముచ్చట్లు మస్తుంటయి,
నేను మాత్రం జాడీల మామిడికాయను
ఉప్పు ఎట్ల కాపాడుతదో చెప్పిన కాడ ఆగిపోయిన.
మా అమ్మకు అక్షరం రాదు.
ఆమె పిడికిలి కొలత మాత్రం ఆ పేజీల ఉన్నది.

ఇది తేనెటీగలది, సన్నగుంటది.
బస్సెక్కితె డిండికి సగం,
అచ్చంపేట దిగేసరికి మొత్తం.
ఒక ఈగ బతుకంత తిరిగితె
చిన్న చెంచాల పన్నెండో వంతు తేనెనట.
ఆ దినం నా సర్వీసు లెక్క ఏసుకొని
మధ్యాహ్నం సద్ది తినబుద్ధి కాలే.

కాలం మీద రాసిన లావుదాన్ని
గడియారాల ఖాజా మియాకిచ్చిన.
కూడబలుక్కుంట చదివిండు, నాలుగుసార్లు గడువు పెంచిన.
"కాలమంటే ఏందో ఈయనకు సుత తెల్వదు మేడం,
ఆగితె ఏం చెయ్యాలెనో నాకు తెలుసు" అన్నడు.

గా బంగారి అక్షరాలది ముట్టకు.
గెలుపు నేర్పిస్తనంటది,
రాసినోడు గెలిచిండు, అంతే.

ఇది ఒక మంత్రసాని తన నోటితోని చెప్పుకున్న బతుకు.
నడిమిట్ల ఇరవై పేజీలు చెదలు తిన్నయి.
అడ్డం తిరిగిన బిడ్డ కాడ మాట తెగిపోతది.
ఆశా పని చేసే కేస్లి తండాకు తీస్కపోయి
వాపసిచ్చేటప్పుడు ఈడనే నిలబడి
చెదలు తిన్నదంత తనే చెప్పింది.
బిడ్డ బతికిందట.
పుస్తకంల ఏమున్నదో నాకు తెల్వదు,
నేనైతె కేస్లి మాటే నమ్మిన.

ఇగ నీకు ఇది. రాళ్ల పుస్తకం.
పేరు చూసి మొఖం ముడువకు.
బోరుబండి జంగయ్య రెండేండ్ల కింద తీస్కపోయిండు.
తిరిగొచ్చినంక తెరిచి చూస్తె అంచులు నిండ రాత:
"ఇది తప్పు. ఈ రంగు రాయి తగిలితె బండి ఆపాలె."
"మూడు నూర్ల ఫీట్లు, దుమ్మే. రైతు ఏడ్సిండు."
ఒక్క కాడ మాత్రం, గీత కొట్టి: "కరెక్టు. చూసిన."
పుస్తకం ఖరాబు చేసినవని జరిమానా రాయబోయి
రసీదు బుక్కు మూసేసిన.
అచ్చయినదాని కంటె
ఆ పెన్సిలు గీతల కోసమే చదువుమంటున్న.

ఆ రెండింటి నడుమ సందు ఎందుకంటవా?
ఆడ కరువుల చరిత్ర ఉండె.
పదకొండేండ్ల కింద ఒకామె తీస్కపోయింది,
రిజిస్టర్ల పేరున్నది, ఊరు చెరిగిపోయింది.
పైసలు నేనే కట్టిన.
అన్నిట్ల అదే మంచిదేమో అనిపిస్తది,
నేను చదువకముందే పోయింది మరి.

ముద్ర ఆరనియ్యి, అంటుకుంటది.
పుస్తకంల రాయొద్దని గోడ మీద బోర్డున్నది,
చూసినవు గద.
పెన్సిలు సొరుగుల ఉంటది.