ముందుగా పోయింది పికోలో

ఆగస్టు మొదటి వారం, అలబామా.
పొద్దున్న ఆరున్నరకే పార్కింగ్ లాట్ తారు
బూటు అడుగుల్ని పట్టుకుని వదలనంటోంది.
ఇనప నిచ్చెనెక్కి మంచె మీద నిలబడింది
వెర్డెల్ హార్‌గ్రోవ్, బ్యాండ్ డైరెక్టరు.
మెడలో ఈల, టోపీ కింద తడిపిన తువ్వాలు.
కింద రెండొందల పన్నెండు మంది.
అందులో ఎడమ కాలేదో కుడి కాలేదో
ఇంకా తేల్చుకోని వాళ్ళు ముప్ఫై మంది.

నేను బేస్‌మెంట్ మనిషిని.
సూసాఫోన్ సొట్టలు తీస్తాను,
క్లారినెట్ మీటల కింద మెత్తలు మారుస్తాను.
ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ అడుగులు
నా కప్పు మీదే నడుస్తున్నాయి.
అందుకే నాకు తెలిసింది.

ముందుగా పోయింది పికోలో.
సూదిలోకెక్కే దారమంత సన్నటి గొంతు దానిది.
ఎప్పుడు జారిందో, సూది మాత్రం మిగిలింది.
తర్వాత ట్రయాంగిల్.
తర్వాత తాళాల అంచున ఉండే మెరుపు.
తర్వాత డీన్ గారి మాటల్లో సకారాలన్నీ రాలిపోయాయి.
ఆయన బడ్జెట్ గురించి మాట్లాడేటప్పుడు
అదీ ఒక అదృష్టమేనంది నాతో.

చెవుల్లో దూది పెట్టుకోమని ఎన్నిసార్లు చెప్పాను!
"ముక్కు మూసుకుని కూర రుచి చూస్తావా నువ్వు?" అనేది.

వచ్చిన ఏడు నలభై ఆరు మంది పిల్లలు,
ముప్ఫై ఒక్క ప్యాంట్లు.
ఆడమనిషి బ్యాండు నడపడమేమిటని
పాత విద్యార్థులు ఉత్తరాలు రాశారు.
వాటి వెనకవైపు ఖాళీల్లో
ఆవిడ కవాతు పటాలు గీసుకుంది.
స్కాలర్‌షిప్ కాగితాల వెంట ఆఫీసు ఆఫీసూ తిరిగింది,
బస్సు టైరు పేలితే హైవే పక్కన జాకీ పట్టుకుంది.
అన్నీ వారానికి ఎనిమిది నిమిషాల కోసం.
మా ఊళ్ళో జనం తినడానికి ఆట మధ్యలో లేస్తారు,
హాఫ్‌టైమ్‌కి పరిగెత్తుకొచ్చి కూర్చుంటారు.

ఈ మధ్య మంచె మీద చెప్పులు విప్పేస్తోంది.
తారస్థాయి పోయింది కానీ మంద్రం ఎక్కడికి పోతుంది?
బేస్ డ్రమ్ములు ఇనప రేకు గుండా
అరికాళ్ళలోకి ఎక్కుతాయి.
మిగతాది కళ్ళతో వింటుంది:
వేళ్ళని, బుగ్గల్ని, భుజాలెక్కడ లేస్తాయో దాన్ని.
చెవిటివాడి ముందు శంఖం ఊదడం దండగంటారు.
శంఖం పక్కన వట్టికాళ్ళతో
ఎన్నడూ నిలబడని వాళ్ళ మాట అది.

గురువారం సాయంత్రం
పికోలో పిల్ల జోలెట్టా నా బల్ల దగ్గరికొచ్చింది.
మెత్త చిరిగిపోయిందట, రెండు రోజులుగా గాలి తప్ప
స్వరం రావట్లేదట. ఊరికే వేళ్ళాడిస్తోందట.
"ఇవాళ ఆవిడ మైకులో నన్ను మెచ్చుకున్నారు,
చాలా శుభ్రంగా ఉందని."

మెత్త మార్చాను. ఇద్దరం
పికోలోనే చూస్తూ కూర్చున్నాం.
పిల్ల ఏమీ అడగలేదు.
నేనేమీ చెప్పలేదు.

సోమవారం పికోలోలన్నీ ముందు వరసలో ఉన్నాయి.
ఎవరు మార్చారో నేను విచారించలేదు.
మోచేతులు ఒక జానెడు పైకి,
వేళ్ళు వెలుతురుకి ఎదురుగా,
మసక చూపున్న నాయనమ్మకి
ఉత్తరం ఎత్తి పట్టి చూపించినట్టు.

మంచె మీద ఆవిడ చాలాసేపు కదల్లేదు.
తర్వాత ఈల ఊదింది,
అందరికంటే కొంచెం ఆలస్యంగా తనే విన్నట్టు
తల పక్కకి వంచింది.
"మళ్ళీ మొదటి నుంచి" అంది.

ఆ రాత్రి మెట్లు దిగి నా గదిలోకొచ్చింది.
పదవీ విరమణ కాగితాలు చంకలో ఉన్నాయి,
సంతకం చేసిందో లేదో కనబడనివ్వలేదు.
నా బల్ల మీద అరచెయ్యి ఆనించి
కాసేపు అలాగే నిలబడింది.
ఏదో చెప్పబోతోందనుకున్నాను.

"నీ సానమోటారు బేరింగు పోతోంది," అంది,
"రేపే మార్చు."